మంచం పట్టిన వారిని పక్కకు తిప్పాలి



వ్యాధిగ్రస్తులకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి కొంతకాలం క్రితం మా విచారణలోని ఒక ఇంటికి వెళ్ళాను. పక్షవాతం వచ్చిన తల్లిని కొడుకు, కోడలు కళ్ళల్లో పెట్టుకొని చూసుకుంటున్నారు. దుప్పటి తెల్లగా ఉంది. వేళకు మందులు, వేళకు జావ. "కదిలిస్తే అత్తయ్య మూలుగుతున్నారు ఫాదర్ గారూ, అందుకే వెల్లకిలా అలాగే ఉంచుతున్నాం" అన్నది కోడలు. నాతో వచ్చిన నర్సు సిస్టరు ఆమెను మెల్లగా పక్కకు తిప్పి చూస్తే, వెన్నెముక చివర అరచేయంత పుండు, మధ్యలో నలుపు. ఆ కోడలి ఏడుపు వాకిట్లోకి వినిపించింది. ఆమె ప్రేమలో లోటు లేదు. పని ఎవరూ నేర్పలేదు, అంతే. ఎదుటివారి మేలు కోరడమే ప్రేమ అని మాకు సెమినరీలో తత్వశాస్త్రం చెప్పారు గాని, మనిషిని ఏ వాటంగా పడుకోబెట్టాలో చెప్పలేదు.

ఆ పుండు ఎలా వస్తుంది? ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. మనమైతే నిద్రలో కూడా మనకు తెలియకుండానే కదులుతాం. కదలలేని వారికి ఆ చోట రక్తం అందక కండ చనిపోతుంది. వెన్ను చివర, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్లే. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే ఒత్తిడి పుండు మొదలైనట్లు. మన నల్లని చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు కనుక వెచ్చదనం, గట్టిదనం, ముదురు రంగు గమనించాలి. అక్కడ రుద్దకూడదు, నూనెతో మర్దన అసలే చేయకూడదు. దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది.

సాధారణంగా రెండు గంటలకు ఒకసారి వాటం మార్చాలి. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. అందుకే వీపు వెనుక దిండు పెట్టి, సుమారు 30 డిగ్రీలు వాలి ఉండేలా తిప్పాలి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి. మడమలు పరుపును తాకకూడదు. పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి లాగవద్దు, చర్మం ఒరుసుకుపోతుంది. పాత పంచె మడిచి నడుము కింద పరచి, ఇద్దరు చెరో వైపు పట్టుకొని ఎత్తి జరపాలి. గాలి పరుపు కొన్నామని తిప్పడం మానేసేవారున్నారు. పరుపు సాయం చేస్తుందే గాని మనిషిని తిప్పదు. పుండు పడితే మాత్రం ఇంటి వైద్యం వద్దు, నర్సుకో డాక్టరుకో చూపించాలి.

ఇక చేతుల సంగతి. ఇక్కడ తప్పు నాది. ఒక ఆసుపత్రి వార్డులో మంచం తరువాత మంచం, ప్రతి రోగి నుదుట చేయి పెట్టి ప్రార్థిస్తూ పోయాను. మూడో మంచం దగ్గర ఒక చిన్న నర్సు, "ఫాదర్, చేతులు కడుక్కొని రండి" అన్నది. మనసు చివుక్కుమన్నది, కాని ఆమె చెప్పిందే నిజం. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలను కోసి వచ్చే వైద్యుల చేత సున్నపు క్లోరిన్ నీటితో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది దాకా చనిపోతున్న బాలింతలు, కొద్ది నెలల్లో నూటికి ఇద్దరి స్థాయికి తగ్గారు. తోటి వైద్యులు చాలామంది ఆయన మాట నమ్మలేదు. తమ చేతులే చంపుతున్నాయంటే ఎవరు ఒప్పుకుంటారు?

రోగిని ముట్టుకొనే ముందు, ముట్టుకున్న తరువాత, మలమూత్రాలు తీసిన తరువాత సబ్బుతో కడగాలి. ఉంగరాలు తీసి, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొటనవేళ్ళు రుద్దుతూ మొత్తం 40 నుండి 60 సెకన్లు. చేతికి మురికి కనిపిస్తుంటే శానిటైజరు చాలదు. మూత్రపు సంచి ఉంటే అది ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందనే వేలాడాలి, కాని నేలను తాకరాదు.

తినిపించడంలో ప్రాణాపాయం ఉంది. పక్షవాతం వచ్చిన వారికి మింగడం కష్టమవుతుంది. పడుకోబెట్టి నోట్లో జావ పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగిన తరువాతే మరొకటి ఇవ్వాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి. నీళ్ళు తాగినా దగ్గు వస్తుంటే డాక్టరుకు చెప్పాలి. దివ్యసత్ప్రసాదానికీ ఇదే నియమం. మేము వచ్చేసరికి పెద్దవారిని దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి, మింగడం కష్టమైతే ముందే చెప్పండి. చిన్న ముక్క ఇస్తాం.

సిస్టరు ఆ రోజు పాత కేలండరు కాగితం వెనుక గంటలు రాసి గోడకు అంటించింది: 6 ఎడమ, 8 వెల్లకిలా, 10 కుడి. మరుసటి నెల నేను వెళ్ళేసరికి కాగితం నిండా టిక్కులు. రాత్రి 2 గంటల వరుసలోవన్నీ ఇంటర్ చదివే మనుమడివట. పుండు ఇంకా మానలేదు గాని, నలుపు పోయి అంచుల్లో ఎర్రని కొత్త కండ వస్తున్నది.