చెట్టు కొట్టమని సంతకం పెట్టేది ఎవరు?

ఒక ఊళ్లో రోడ్డు వెడల్పు చేయాలి. అడ్డంగా నలభై ఏళ్ల వేపచెట్టు ఉంది. దాన్ని కొట్టడానికి అనుమతి ఎవరివ్వాలి? మున్సిపాలిటీయా, రాష్ట్ర ప్రభుత్వమా? మన దేశంలో ఒక్కో రాష్ట్రం దీనికి ఒక్కో జవాబు చెప్పింది.

మనకున్నది వాల్టా. పూర్తి పేరు ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, 2002. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఇదే నడుస్తోంది. మినహాయింపు ఉన్న కొన్ని జాతులు తప్ప, చెట్టు కొట్టాలంటే నిర్దేశిత అధికారి అనుమతి కావాలి. ఆయన మామూలుగా అటవీ శాఖ మనిషి. అంటే పెన్ను రాష్ట్రం చేతిలో ఉంది.

మహారాష్ట్ర దారి వేరు. అక్కడ 1975 నాటి పట్టణ చెట్ల రక్షణ చట్టం నగరపాలక సంస్థల్లోనే ‘ట్రీ అథారిటీ’ని పెట్టింది. ముంబై అథారిటీలో కార్పొరేటర్లు కూడా ఉండేవారు.

రెండు వైపులా వాదనలున్నాయి. ఆ వీధికి నీడ ఎంత అవసరమో ఆ వీధివాళ్లకే తెలుసు, కార్పొరేటర్‌ని ఇంటికెళ్లి నిలదీయొచ్చు అని ఒకరంటారు. మెట్రో లాంటి పని ఒక వార్డుతో అయిపోదు, పైగా స్థానిక నాయకుడి మీద బిల్డర్ల ఒత్తిడి ఎక్కువ, కాబట్టి రాష్ట్రమే చూడాలి అని ఇంకొకరంటారు. వినడానికి రెండూ బాగానే ఉంటాయి. జరిగింది చూద్దాం.

ముంబై ఆరే కాలనీలో మెట్రో కార్ షెడ్ కోసం 2,185 చెట్లు కొట్టడానికి, 461 చెట్లు వేరేచోట నాటడానికి 2019 ఆగస్టు 29న ట్రీ అథారిటీ ఒప్పుకుంది. ఒప్పుకున్నది స్థానిక సంస్థే! అక్టోబర్ 4న హైకోర్టు పిటిషన్లు కొట్టేసింది. ఆ రాత్రే రంపాలు మొదలయ్యాయి. అనుమతి ఇచ్చాక 15 రోజులు ఆగాలని రూలు ఉంది. ఆ గడువు దాటిపోయిందని మెట్రో సంస్థ, వెబ్‌సైట్లో ఉత్తర్వు పెట్టిన రోజు నుంచి లెక్కించాలని ఆందోళనకారులు వాదించుకున్నారు. ఒక లా విద్యార్థి రాసిన ఉత్తరం మీద సుప్రీంకోర్టు అక్టోబర్ 7న ఆపమంది. అప్పటికే 2,141 చెట్లు నేలకూలాయి. మిగిలినవి 44.

ఇక రాష్ట్రమే చూసుకున్న ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల కోసం 2025 మార్చి 30న, ఉగాది రోజున, బుల్డోజర్లు దిగాయి. వరుస సెలవులు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేసింది. చెట్లు కొట్టడానికి అవసరమైన అనుమతులు తీసుకున్నారా అని రాష్ట్రాన్ని అడిగింది. ఈ ప్రశ్న బుల్డోజర్ దిగకముందు ఎవరైనా అడగాల్సింది కదా?

ఒకచోట రాత్రి, ఇంకోచోట సెలవులు. పెన్ను ఎవరి చేతిలో ఉన్నా, రెండుచోట్లా జనానికి దొరకనిది టైమే. 2021లో మహారాష్ట్ర చట్టం మార్చి, 200 లేదా అంతకుమించి చెట్ల ప్రతిపాదనలను రాష్ట్రస్థాయి అథారిటీకి పంపాలంది. మంచిదే కావచ్చు. కానీ కుర్చీ మారినంత మాత్రాన వ్యవధి పెరగదు.

మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, చెట్టు కొట్టడం అన్‌డూ లేని డిలీట్. అలాంటి బటన్‌కి అడ్మిన్ ఎవరన్నదాని కన్నా, నొక్కేముందు ‘కన్ఫర్మ్?’ అని అడిగే మెట్టు ఉందా లేదా అన్నది ముఖ్యం. ఆ మెట్టు మహారాష్ట్ర చట్టంలో కాగితం మీద ఉంది: చెట్టుకే నోటీసు అతికించాలి, అభ్యంతరాలు వినాలి, తర్వాత ఆగాలి. ఆ ఆగే రోజులు నోటీసు జనం కంటపడ్డ రోజు నుంచే మొదలవ్వాలి, సెలవులు లెక్కలోకి రాకూడదు. స్థానికమైనా, రాష్ట్రమైనా, మనం అడగాల్సింది ఇదే.

ఈసారి మీ కాలేజీ రోడ్డులో ఏ చెట్టుకైనా కాగితం అంటించి కనిపిస్తే, బండి ఆపి తేదీ చదవండి.