తొలి పావంచాకి ఆరు వారాల ముందే

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ కింద తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతాం. చాలామందికి చెప్పులు కూడా ఉండవు. హనుమంతవాక దాకా అందరం హీరోలమే. అప్పూఘర్‌లో సముద్రస్నానం అయ్యాక కాళ్లు సణగడం మొదలుపెడతాయి. ఎన్ఏడీ కూడలి దాటేసరికి, పిక్క పట్టేసి గోడ పట్టుకున్నవాళ్లు కనిపిస్తారు.

నేనూ ఆ గోడ పట్టుకున్నవాణ్నే. ఏడాదంతా కుర్చీ, ఒక్క రాత్రి 32 కిలోమీటర్లు! మర్నాడు మంచం దిగి మడమ ఆనించానో లేదో, మేకు దిగినట్టయింది. వారం రోజులు మడమకే మందు రాశాను. దొంగ అక్కడ లేడు. పైన పిక్కలో ఉన్నాడు.

పిక్క లోపలి పొరలో సోలియస్ అనే కండరం ఉంటుంది. అలవాటులేని పని పెడితే అందులో బిగుసుకున్న ముడి లాంటిది తయారవుతుంది. అదే ట్రిగ్గర్ పాయింట్. ముడి పిక్కలో, నొప్పి మడమలో! పిరుదులో ముడి పడితే కాలి పక్కనుంచి చీలమండ దాకా లాగుతుంది. సయాటికా అనుకుని కంగారు పడతాం. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైట్‌హౌస్ డాక్టరుగా పనిచేసిన జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఇలాంటి నొప్పుల దారులన్నీ బొమ్మలు గీయించి మరీ పుస్తకాలు రాశారు. 1992లో వచ్చిన రెండో సంపుటం మొత్తం నడుము కింది భాగం మీదే. ఆ ముడి అసలేమిటన్నది పరిశోధకులు ఇంకా తేల్చుకోలేదు. వాళ్లని తేల్చుకోనివ్వండి. మీరు ప్రదక్షిణకి ఆరు వారాల ముందే పని మొదలుపెట్టండి.

ఇంట్లో మెట్టుంది కదా? పాదం ముందు భాగం అంచు మీద పెట్టండి. మడమలు పైకెత్తండి. మెల్లగా, మూడు అంకెలు లెక్కపెడుతూ దించండి. 15 సార్లు, మూడు విడతలు. మోకాలు నిటారుగా ఉంటే పిక్క పైపొర కండరానికి పని, కొంచెం వంచితే సోలియస్‌కి పని. రెండూ చేయండి. ప్లాంట్‌లో సేఫ్టీ షూస్‌తో షిఫ్టంతా నిలబడేవాళ్లూ, ఇది మీక్కూడా!

ముడి దొరికితే బొటనవేలితో అరనిమిషం నొక్కండి. పది మార్కుల నొప్పిలో ఐదు దాటొద్దు. పళ్లు బిగబట్టి భరించడం వీరత్వం కాదు, తొందరపాటు.

ఇక నడక. పొద్దున్నే బండ్లు రానివ్వని విశాఖ బీచ్ రోడ్డు కంటే మంచి జిమ్ మీకు ఎక్కడ దొరుకుతుంది? మొదటి వారం 5 కిలోమీటర్లు చాలు. ఆ తర్వాత వారంలో ఒక్క నడక దూరం మాత్రమే పెంచుతూ పోండి. ఇసుకలో దిగితే తడిసి గట్టిపడ్డ చోటే నడవండి. పొడి ఇసుక పిక్కల్ని పిండేస్తుంది. తీరం సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లినంత దూరం వెనక్కి కూడా ఇసుకలోనే రండి. లేకపోతే భారమంతా ఒక కాలి మీదే పడుతుంది. చెప్పుల్లేకుండా నడవాలనుకుంటే అదీ ఇప్పటినుంచే, రోజుకి పది నిమిషాలతో.

ఒక్క చోట మాత్రం నా మాట వినకండి, డాక్టరు మాట వినండి. మోకాలు ‘టప్’మని శబ్దం చేసి వాచిపోయినా, చీలమండ మడతపడి నాలుగడుగులు వేయలేకపోయినా, ఒక్క పిక్కే వాచి ఎర్రగా వేడెక్కినా నొక్కుళ్లు వద్దు. ఆ రోజే చూపించుకోండి. వాచిన పిక్క రక్తం గడ్డ కావచ్చు. దెబ్బ ఎవరికైనా తగలొచ్చు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ ఆసియా హర్డిల్స్ ఛాంపియన్. 2025లో ట్రైనింగ్‌లో ఆమెకే మోకాలి లిగమెంట్ దెబ్బతిని సర్జరీ దాకా వెళ్లింది. అంత ట్రైనింగ్ ఉన్న కాలికే తప్పలేదు.

రేపు బ్రష్ నోట్లో పెట్టుకోగానే మెట్టెక్కండి. మొదటి 15 అక్కడే అయిపోతాయి.