లక్కలో నిలిచిన గళం

రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు ఆంధ్రీకరించిన ఆదిపర్వంలో లక్కయింటి కథ ప్రసిద్ధమైనది. పాండవులను దహించడానికి వారణావతంలో పురోచనుడు కట్టించిన ఆ ఇంట లక్క ముఖ్యద్రవ్యం. వేడికి కరగడం, నిప్పు తగిలితే మండడం లక్క స్వభావం. మండే గుణం ఆ కథలో ద్రోహానికి సాధనమైంది. కరిగే గుణం ఇరవయ్యో శతాబ్దంలో మానవకంఠాన్ని పదిలపరచింది.

లక్క చెట్టు నుండి కారే జిగురు కాదు. కుసుమ, మోదుగ, రేగు చెట్ల లేతకొమ్మలపై గుంపులుగా నివసించే చిన్న పురుగు తన రక్షణకై స్రవించే పదార్థం. కొమ్మల నుండి గీకిన లక్కను నలగగొట్టి కడిగితే ఎర్రని రంగు వేరవుతుంది. పూర్వం స్త్రీలు పాదాలకు అలదుకొన్న లత్తుక అదే. మిగిలిన పలుకులను గుడ్డసంచిలో పోసి, నిప్పుసెగ చూపి పిండి, పలుచని రేకులుగా సాగదీస్తారు. ఈ రేకులే షెల్లాక్. ఏటికొప్పాక బొమ్మల నిగనిగకు కూడా లక్కయే కారణం.

ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోనుకు రూపకల్పన చేశాడు. తొలుత గట్టి రబ్బరుతో చేసిన రికార్డులను 1890ల చివరి నుండి షెల్లాక్‌తో చేయసాగారు. అయితే రికార్డులో షెల్లాక్ సాధారణంగా మూడోవంతుకు మించేది కాదు. మిగిలినది పలకరాతి పొడి, సున్నపురాతి పొడి, పత్తినూగు, మసి. రాతిపొడి గట్టిదనాన్ని, పత్తినూగు పట్టును, మసి నలుపును ఇచ్చేవి. వీటినన్నిటినీ కలిపి బంధించేది లక్క. ఈ ముద్దను వేడి అచ్చుల నడుమ నొక్కి చల్లబరిస్తే గాడులు ఏర్పడేవి. రాతిపొడి ఉక్కుముల్లును అరగదీసి గాడికి సరిపోయేటట్లు చేసేది. అందుకే ముల్లును తరచుగా మార్చవలసివచ్చేది. పది అంగుళాల రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగి, ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట వినిపించేది.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు ముద్రితమయ్యాయి. అప్పట్లో మన గానాన్ని జర్మనీలోని హానోవర్‌లో రికార్డులుగా అచ్చొత్తేవారు. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వెలసింది. రాజమహేంద్రవరంలో 1925లో జన్మించిన టంగుటూరి సూర్యకుమారి పాడిన, శంకరంబాడి సుందరాచారి రచన ‘మా తెలుగు తల్లికి’ ఇటువంటి రికార్డుల ద్వారానే ఇంటింటికీ చేరింది.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో షెల్లాక్ యుద్ధావసరాలకు మళ్లింది. 1942లో అమెరికా దాని వాడకాన్ని నియంత్రించింది. పాత రికార్డులను సేకరించి, పగులగొట్టి, కొత్తవాటిని చేశారు. ఒక పాట పుట్టడానికి మరొక పాట నశించింది. 1948లో వినైల్ రికార్డు వచ్చాక లక్కకు క్రమంగా ప్రాధాన్యం తగ్గింది.

లక్కరికార్డు చేయి జారితే పగులుతుంది, ఎండలో వంగుతుంది, స్పిరిటుతో తుడిస్తే కరుగుతుంది. అటక మీది పెట్టెలో అటువంటిది కనిపిస్తే నిలువుగా, నీడలో ఉంచి, అందలి ధ్వనిని నేటి సాధనాలలోకి ఎక్కించాలి. విదురుని హెచ్చరిక వల్ల పాండవులు లక్కయింటి నుండి బయటపడ్డారు. లక్కలో ఉన్న మన పెద్దల గళాలను బయటికి తేవలసినవారు నేటి యువతీయువకులే.

ప్రశ్నలు
1. రికార్డు తయారీలో వాడిన ద్రవ్యాల ప్రయోజనాలను వివరించండి.
2. ‘ఒక పాట పుట్టడానికి మరొక పాట నశించింది’ – సందర్భాన్ని తెలపండి.