ఇరువదియెనిమిదవ పాశురము

మన పెద్దలు ఎంతకును మానని వ్రణమును రాచపుండు అనెడివారు. ద్రావిడ గురుపరంపరలో ‘రాజపిళవై’ అని చెప్పబడునదియు అట్టిదే. ఆళవందారులని ప్రసిద్ధులైన యామునాచార్యులవారిని ఆ వ్యాధి బాధించినపుడు, శిష్యుడగు మారనేరి నంబి దానిని తనకు ప్రసాదముగా అనుగ్రహింపుడని ప్రార్థించి స్వీకరించెనట. నాలుగవ వర్ణమున జన్మించిన ఆ మహనీయునకు పెరియనంబి స్వయముగా అంత్యక్రియలు జరిపిన కథ మన ఉపన్యాసములలో తరచుగా వినబడును. వ్యాధిని అడిగి పుచ్చుకొన్న భాగమును మాత్రము వక్తలు త్వరగా దాటిపోవుదురు. ముప్పదియైదేండ్లు పాఠము చెప్పిన నేనును అట్లు దాటిపోయినవాడనే.

2024వ సంవత్సరమున ఆ కథ రామతీర్థములోని మా యింటి గడప త్రొక్కినది. ఎనుబదిమూడేండ్ల మా తల్లిగారికి ఎడమ బుగ్గలోపల మానని పుండు కనబడెను. తాంబూలములో పొగాకుకాడ వేసికొనుట ఆమెకు చిరకాలపు అలవాటు. విశాఖపట్నములో వైద్యులు శస్త్రచికిత్స చేసి పుండును తొలగించిరి. పిమ్మట ముప్పది దినములు, వారమునకు ఐదు చొప్పున ఆరు వారములు, ‘కరెంటు’ పెట్టవలెననిరి. రేడియేషన్‌కు మన జనము పెట్టుకొన్న పేరది. ఆసుపత్రికి సమీపమున ఒక గది అద్దెకు తీసికొని, నేను వంటవాడనైతిని.

మా తల్లిగారు ఆ సంఖ్య వినగానే, “ముప్పయ్యా? పాశురాలూ ముప్పయ్యేగా. లెక్క తప్పదులే” అనిరి. అది మొదలు ఆమెకు తేదీలు లేవు. నేడు మూడవ పాశురము, రేపు నాల్గవది. రెండవనాడు నేను అన్నములో నేయి వడ్డింపబోగా చేయి అడ్డుపెట్టి, “ఇవాళ రెండోది కదురా, గోపికలు నెయ్యి మానేశారు, పాలు మానేశారు” అని నవ్విరి. బరువు తగ్గరాదని వైద్యులు చెప్పియుండిరి కనుక నేను నవ్వలేదు.

మధ్యలో కొందరు బంధువులు వచ్చి, “స్వామి తీర్థము చాలదా, ఈ వయసున కరెంటు ఎందుకు?” అని ప్రశ్నించిరి. తీర్థమిచ్చిన స్వామియే ఓషధులను కూడ సృజించెను గదా! దేవాలయపు తోటలో పూజకు కోయు బిళ్లగన్నేరు మొక్కనుండియే విన్‌క్రిస్టిన్ అను మందు లభించుచున్నది. దానిని రక్తమునకు సంబంధించిన క్యాన్సర్లకు వాడుదురు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను వ్యాధివలన ఇద్దరు సోదరులను కోల్పోయిరి. తరువాత అమెరికాలో ఆయన బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ అను ఔషధముతో లుకేమియా సోకిన పసిబిడ్డలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగినదని 1948లో లోకమునకు తెలిసినది. మెథోట్రెక్సేట్ అను మందు దానికి దగ్గరి చుట్టము, నేటికిని వాడుకలో నున్నది. ఇది చెప్పగా బంధువులు ఊరకుండిరి.

కరెంటు పెట్టునపుడు ముఖము కదలరాదు. అందుకై ఒక ప్లాస్టిక్ వలను వేడినీట మెత్తపరచి, రోగి ముఖముమీద నొక్కి, అచ్చుగా తీయుదురు. ప్రతిదినము ఆ ముసుగును ముఖమునకు తొడిగి బల్లకు బిగింతురు. చూచుటకే నాకు ఊపిరాడెడిది కాదు. అక్కడి సేవకులు ఆమెను రెండుచేతులతో ఎత్తి బల్లపై పరుండబెట్టునపుడు, “ఇన్నాళ్లూ కోతిపిల్లలా పట్టుకు వేళ్లాడాను, ఇప్పుడు పిల్లికూననయ్యాను” అనెడివారు. మర్కట, మార్జార న్యాయములను గూర్చి నేను చేసిన దీర్ఘోపన్యాసములన్నియు ఆ ఒక్క మాటకు చాలవు.

మే 10వ తేదీ అక్షయ తృతీయ. సింహాచలమున చందనోత్సవము. నగరమంతయు కొండవైపు పోవుచుండెను. మేము ఆసుపత్రికి పోవుచుంటిమి. మా తల్లిగారు ఆటోలో కూర్చుండి కొండవైపు చేతులు జోడించి, “అప్పన్నకి ఏడాదికి ఒక్కరోజే నిజరూపం. తక్కినన్నాళ్లూ ముసుగే పాపం. నాకే నయం, రోజుకి పావుగంటే” అనిరి.

నాకు కోపము వచ్చెను. “అమ్మా! స్వామితో పరిహాసమా? అపచారము. ఇట్టి సమయమున నామము స్మరింపవలెను గాని” అని మందలించితిని. ఆమె బదులు చెప్పలేదు.

మరునాటినుండి నవ్వుట మానిరి. నోటిలో పుండ్లు లేచి మాట కష్టమగుటయు ఆ దినములలోనే జరిగినది. ముక్కునుండి సన్నని గొట్టము వేసి పాలు, జావ పోయుచుంటిమి. మాటాడవలెనన్న పలకపై వ్రాయుటయే. నాకు లోపల ఒక భయము పట్టుకొన్నది. చికిత్స ఫలించునో లేదో యనునది కాదు. నాలుక కాలిపోయిన ఈమె నారాయణ నామము పలుకకయే పోవునేమో యని. అందుచేత ఉదయ సాయంకాలములు మంచముచెంత కూర్చుండి విష్ణు సహస్రనామము బిగ్గరగా చదువసాగితిని. ఆమె గోడవైపు తిరిగి పరుండెడివారు.

ఆసుపత్రి వరండాలో శ్రీకాకుళము పల్లెనుండి వచ్చిన ఒక వృద్ధురాలు మాకు పరిచయమైనది. అడ్డపొగ త్రాగినది. అనగా చుట్ట నిప్పుకొనను నోటిలో పెట్టుకొని పీల్చినది. ఈ ప్రాంతపు స్త్రీలలో పాత అలవాటు. ఆంధ్రదేశపు గ్రామములలో పదివేలకు పైబడిన జనమును పరీక్షించి, ఈ అలవాటునకును అంగిటిలో పుట్టు మార్పులకును గల సంబంధమును తెలిపిన పరిశోధన 1971లోనే వెలువడినది. ఆమె నన్ను పిలిచి, “మామ్మగోరు నవ్వట్లేదేటి బాబూ? ఆయమ్మ నవ్వితే మాకూ కాస్త సేవొచ్చీది. నువ్వేటైనా అన్నావేటి?” అని అడిగెను.

పండితుని కంటె ఆమెకు రోగము బాగుగా తెలియును. నాకు సమాధానము తోచలేదు.

ఆ రాత్రి సహస్రనామము ఆరంభింపబోగా మా తల్లిగారు పలక అందుకొని, వణకుచున్న చేతితో “ఇరవై ఎనిమిది చదువు” అని వ్రాసి చూపిరి.

తిరుప్పావై ఇరువదియెనిమిదవ పాశురములో గోపికలు తమ యోగ్యత ఇంతేయని ఒప్పుకొందురు. పశువుల వెంట అడవులకు పోయి తినువారము, జ్ఞానములేని గొల్లలము. నీకును మాకును గల చుట్టరికము మాత్రము తెంపశక్యము గాదు. చిన్నపిల్లల తెలియనితనముచేతను, ప్రేమచేతను నిన్ను చిన్నచిన్న పేర్లతో పిలిచితిమి, కోపింపకుము అని వేడుదురు. ఈ పాశురమునకు ప్రతి ధనుర్మాసమున గంటసేపు వ్యాఖ్యానము చెప్పెడివాడను. చుట్టరికము లేనివానిని ఎవ్వరును ఎగతాళి చేయరు. రామదాసు చెరసాలనుండి స్వామికి నగల లెక్క చెప్పి నిలదీసెను. మన ప్రాంతపు కవి గోగులపాటి కూర్మనాథుడు సింహాద్రి నారసింహ శతకములో స్వామిని దెప్పిపొడిచెను. ఆ శతకమును చదివి మెచ్చుకొనిన నేనే, ఆటోలో కన్నతల్లి అన్న ఒక్కమాటను అపచారమంటిని.

పాశురము చదివి ముగించితిని. కంఠము సరిగా పలుకలేదు. ఆమె పలక తుడిచి మరల వ్రాసిరి: “వరాహస్వామి మాట మరిచావా?” దేహము స్వస్థముగా నున్నపుడు నన్ను తలచినవాడు, కట్టెవలె రాతివలె పడియున్న వేళ తలపలేకపోయినను, నేనే వానిని తలచి పరమపదమునకు చేర్తునని వరాహరూపియగు భగవానుడు భూదేవికి ఇచ్చిన అభయము అది. తలచు భారము ఆయనదే. నేను దానిని మోయబోయి, ఆమె చేత మోయింపబోయితిని. ఆమెకు మోయుటకు ముక్కులోని గొట్టము చాలదా?

“మారనేరి నంబివలె నీ పుండు నాకిమ్మని అడుగవలెననుకొంటినమ్మా, ధైర్యము చాలలేదు” అంటిని. ఆమె చాలసేపు వ్రాసిరి. “వద్దు. నీకొస్తే ఓర్చుకోలేవు. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే ఊరంతా వినబడేది.” ఆ పుండ్ల నోటితోనే ఆమెకు నవ్వు వచ్చి, బాధకు కన్నీరు కారెను. నాకును వచ్చెను.

ఇరువదియేడవది కూడారై. నేయి మోచేతివరకు కారునట్లు పాలబువ్వ తినెడి పాశురము. ఆనాడు గొట్టములో పాలు పోయుచుండగా పలకపై “మోచెయ్యి కాదు, ముక్కు” అని కనబడెను. ఈసారి నేను నవ్వితిని. వరండాలోని ఆ శ్రీకాకుళపు అమ్మకు చదివి వినిపింపగా ఆమెయు నవ్వెను. ముప్పదవనాడు ముసుగును మాకే ఇచ్చివేసిరి. అది ఇప్పుడు మా వసారాలో మేకుకు వ్రేలాడుచున్నది, మనుమలు దానికి నామములు దిద్దిరి.

నాలుకకు రుచి మరల కలుగుటకు మాసములు పట్టుననిరి. ఆ డిసెంబరులో ధనుర్మాసము వచ్చెను. రామస్వామివారి ఆలయమున సేవాకాలము ముగిసిన తరువాత ప్రసాదముగా వచ్చిన పులిహోరను జావవలె మెదిపి ఒక చెంచాడు ఆమె నోట నుంచితిని. ఆమె చాలసేపు నోటిలో త్రిప్పిరి. ముఖము చిట్లించి, “ఉప్పెక్కువయిందిరా” అనిరి.