సంక్రాంతికి బయటపడ్డ సంచి

మాది దుగ్గిరాల పక్క పల్లె. పసుపు విత్తనం దాచే ఇంట్లో పుట్టాను, అలాంటి ఇంట్లోకే కోడలిగా వెళ్ళాను. దుంపను నిలవ పెట్టడం ఒకరు నాకు నేర్పాలా అని గీర ఉండేది. న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటికొచ్చిన మొదటి ఏడు, పక్కింటి పెద్దావిడ ఇచ్చిన డాలియా గడ్డలు వేశాను. అక్టోబరు దాకా పళ్ళేలంతేసి పూలు పూశాయి. తవ్వి, శుభ్రంగా కడిగి, తడి తడిగానే ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి బిగించి బేస్‌మెంట్‌లో పెట్టాను. సంక్రాంతి ముందు రోజు ముగ్గు పిండి కోసం కిందికెళ్ళిన కోడలు ముక్కు మూసుకుని పైకొచ్చింది. "అత్తయ్యా, కింద ఎలుక చచ్చినట్టుంది."

ఎలుక కాదు. పైన బూడిదరంగు బూజు, లోపల చేతికంటే ముద్ద. ఒక్క గడ్డా దక్కలేదు. అది జరిగి పన్నెండేళ్ళు.

1. డాలియా పసుపు కాదు, బంగాళాదుంప అసలే కాదు. పసుపు కొమ్మును కణుపు చూసి విరిస్తే ముక్క మొలుస్తుంది. బంగాళాదుంపకు ఒళ్ళంతా కళ్ళే. డాలియా కన్ను మాత్రం గడ్డ మీద ఉండదు. గడ్డల మెడలన్నీ కాడ మొదట్లో కలిసే చోట ఉంటుంది. మెడ విరిగిన గడ్డ చలికాలమంతా గుండ్రాయిలా నిలవ ఉండి, తీరా మే నెలలో మొలవదు. అందుకే కాడకు అడుగు దూరంలో చుట్టూ ఫోర్కు దించి, కింద నుంచి లేపాలి. కాడ పట్టుకుని లాగానా, అంతే సంగతులు.

2. తొలి మంచుకు కంగారు పడకండి. మా వైపు అక్టోబరు రెండో సగంలో ఒక తెల్లారేసరికి ఆకులన్నీ ఉడికించిన తోటకూరలా నల్లబడి వాలిపోతాయి. చచ్చింది ఆకే, గడ్డ కాదు. ఓ వారం నేలలోనే ఉంచితే తోలు ముదురుతుంది. కానీ నేల గడ్డకట్టేదాకా బద్ధకించకూడదు.

3. కుళ్ళు ఎక్కువగా కాడలోంచి దిగుతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. డాలియా కాడ గొట్టంలా బోలుగా ఉంటుంది. జానెడు ఉంచి కోస్తామా, వాన పడితే నీరు తిన్నగా కన్నున్న చోటికే చేరుతుంది. కోసి నేలలో ఉంచేటట్టయితే కాడ మూతికి అల్యూమినియం రేకు చుట్టండి. తవ్వి కడిగాక గడ్డను తలకిందులుగా పెట్టి ఆ నీరు వాడ్చండి. కడగాలా వద్దా అని ఇక్కడి తోటమాలులు వాదించుకుంటారు. మాది బంకమన్ను, కడగక తప్పదు. ఇసుక నేల అయితే దులిపినా చాలు.

4. ఆరాలి, ఎండకూడదు. నీడలో, గాలి తగిలే చోట, ఒకటి రెండు రోజులు. హీటరు పక్కన పెట్టిన ఏడు నా గడ్డలు ఎండు ఖర్జూరాల్లా ముడతలు పడ్డాయి. వట్టి సిమెంటు నేల మీద పెడితే కింది వైపు ఆరదు, అట్టముక్క పరవండి. పైతోలు తడి లేకుండా, లోపల గట్టిగా, అప్పుడే తెచ్చిన చేమదుంపలా ఉండాలి.

5. ఊపిరాడాలి. మా మామగారు విత్తనప్పసుపును చెట్టు నీడన కుప్ప పోయించి, పసుపాకు కప్పి, పైన మట్టీ పేడా మెత్తించేవారు. నేను సంచి మూతి బిగించింది ఆ లెక్కనే. ఆయన మెత్తించింది మట్టి అని మరిచాను. మట్టి తేమను పీల్చి వదులుతుంది, ప్లాస్టిక్ ఎక్కడిది అక్కడే ఉంచుతుంది. గడ్డ దాచిపెట్టినా బతికే ఉంటుంది, మెల్లగా నీరు వదులుతూనే ఉంటుంది. ఆ చెమట పోయే దారి లేకపోతే బూజు. అలాగని నెట్ సంచిలో వేలాడదీస్తే జనవరికే వడిలిపోతాయి. ఈ రెంటి మధ్య నాకు కుదిరింది ఇది: అట్టపెట్టెలో పేపరు పరిచి, చెక్క పొట్టు పోసి, ఒకదానికొకటి తగలకుండా గడ్డలు పేర్చి, మళ్ళీ పొట్టు. తగలకూడదు అన్నది ముఖ్యం. ఒకటి చెడితే పక్కది దక్కాలి కదా. పొట్టు పిడికిట పట్టి నొక్కితే చెయ్యి తడి కాకూడదు. వెర్మిక్యులైట్ వాడేవాళ్ళూ ఉన్నారు, బాగానే ఉంటుంది. మూతను మాత్రం ఓరగానే ఉంచండి. మూత లోపల నీటి బొట్లు కనిపిస్తే రెండు రోజులు తెరిచి పెట్టాలి.

6. చోటు. 40 నుంచి 50 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 4 నుంచి 10 సెల్సియస్. అంతకన్నా వెచ్చగా ఉంటే వేళ కాని వేళ మొలకెత్తుతాయి, గడ్డకడితే కరిగాక ముద్దవుతాయి. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్క పనికిరాదు, గరాజ్‌లో బయటి గోడ పక్క కూడా అంతే. పది డాలర్ల థర్మామీటరు పెట్టెలోనే పడేయండి. మా మెట్ల కింది అరలో సరిగ్గా 46 ఉంటుంది. మా అబ్బాయి తన గోల్ఫ్ కర్రలు అక్కడ పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

7. ఊరి అభిమానంతో ఒక ఏడు కోసిన చోటల్లా పసుపు అద్దాను. అద్దిన వాటిలో కొన్నింటికి బూజు పట్టింది, అద్దని వాటిలో కొన్నింటికి పట్టలేదు. ఇక్కడివాళ్ళు దాల్చినచెక్క పొడి అద్దుతారు, కొందరు గంధకం. కోత బాగా ఆరకుండా ఏ పొడి అద్దినా నాకు ఒరిగిందేమీ లేదు.

8. నెలకోసారి పెట్టె విప్పండి. ముందు వాసన చూడండి, కంటి కన్నా ముక్కు తొందరగా పసిగడుతుంది. పైన తెల్ల నూగు పట్టి, కింద గట్టిగా ఉంటే భయం లేదు. తుడిచి ఆరబెట్టి పొడి పొట్టులో పెట్టండి. ఓ చివర మెత్తబడితే తెల్లటి కండ కనిపించేదాకా కోసేయండి. కత్తిని కోతకోతకూ స్పిరిటుతో తుడవాలి. మెడ మెత్తబడిందా, పారేయండి. జాలి పడి ఉంచుకున్న గడ్డ పెట్టెనంతా చెరుపుతుంది. ముడతలు పడుతుంటే నీళ్ళు పొట్టు మీద చిలకరించండి, గడ్డ మీద కాదు.

9. హైదరాబాద్‌లో మా చెల్లెలిది ఉల్టా లెక్క. అక్కడ డాలియా చలికాలపు పువ్వు. నేను పెట్టె మూసే రోజుల్లో దాని కుండీల్లో మొగ్గలుంటాయి. దానికి దాచాల్సింది ఎండాకాలంలో, నీడన, పొడి ఇసుకలో.

10. ఏప్రిల్‌లో పెట్టెను వెచ్చటి గదిలోకి తెస్తే రెండు మూడు వారాల్లో కళ్ళు గులాబిరంగు మొటిమల్లా తేలతాయి. గుత్తిని విడదీయడానికి ఇదే నాకు వీలైన సమయం, ఎందుకంటే అక్టోబరులో నా కళ్ళకు దాని కళ్ళు ఆనవు. మే మధ్యలో నేల 60 డిగ్రీలకు వచ్చాక పాతండి. మొలక పైకి కనిపించేదాకా నీళ్ళు పోయకండి. ఆరు నెలలు కాపాడి, చివరికి నేలలో కుళ్ళబెట్టిన ఏడు కూడా నాకుంది.