మెల్కీసెదెకు ఎవరు? ఇతరుల గ్రంథాన్ని ఎలా చదవాలి?

క్రైస్తవ సోదరులతో మాట్లాడేటప్పుడు మనలో కొందరు ఒక వాదన తెస్తుంటారు: "తండ్రి లేకుండా పుట్టినందుకే హజ్రత్ ఈసా (అలైహి) దేవుని కుమారుడైతే, మీ బైబిల్లో తల్లీతండ్రీ ఇద్దరూ లేని మెల్కీసెదెకు ఇంకా పెద్ద దేవుడు కావాలి కదా?" వినడానికి తిరుగులేని ప్రశ్నే. కాని ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో మనం స్వయంగా చదివి చూశామా?

గ్రంథంలో ఉన్నదేమిటి?

ఆదికాండము 14వ అధ్యాయం ప్రకారం హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) యుద్ధం ముగించుకుని వస్తుండగా షాలేము రాజు మెల్కీసెదెకు ఎదురొచ్చి ఆశీర్వదించాడు. అతను సర్వోన్నతుడైన దేవుని యాజకుడు. 110వ కీర్తనలో అతని పేరు ఒక్కసారి వస్తుంది. 'తల్లీతండ్రీ లేనివాడు, వంశావళి లేనివాడు' అన్న మాట మాత్రం హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 7వ అధ్యాయంలో ఉంది.

ఆ మాటకు అర్థం

ఇస్రాయీల్ సంతతిలో యాజకత్వం వంశాన్ని బట్టి వచ్చేది. వంశావళి జాబితాలో పేరు దొరకని వారిని యాజకత్వం నుంచి తొలగించినట్లు ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయం చెబుతోంది. మెల్కీసెదెకు విషయంలో ఆదికాండము అతని తల్లిదండ్రుల గురించి గాని, జననమరణాల గురించి గాని ఏమీ చెప్పలేదు. అయినా అతను యాజకుడే. పత్రిక రచయిత వాదన దీనిపైనే నడుస్తుంది. ప్రాచీన సిరియాక్ అనువాదం కూడా అతని తల్లిదండ్రులు వంశావళిలో వ్రాయబడలేదనే చెప్పింది. అంటే వారి పేర్లు నమోదు కాలేదని చాలామంది క్రైస్తవ వ్యాఖ్యాతల వివరణ.

వేరే అభిప్రాయాలూ ఉన్నాయి. యూదుల అరమాయిక్ వ్యాఖ్యానాలు కొన్ని అతన్ని హజ్రత్ నూహ్ (అలైహి) కుమారుడు షేముగా పేర్కొన్నాయి. 1956లో కుమ్రాన్ 11వ గుహలో దొరికిన ఒక వ్రాతప్రతిలో అతను పరలోక న్యాయాధిపతిగా కనిపిస్తాడు. ఇన్ని వివరణలున్న చోట ఒక్క వాక్యాన్ని విడదీసి ఎదుటివారిపై విసరడం న్యాయమేనా?

మన కొలత ఒకటే కావాలి

ఎవరైనా ఖుర్ఆన్ ఆయతును సందర్భం నుంచి తెంచి చూపితే మనం బాధపడతాం. తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి, ఇచ్చేటప్పుడు తగ్గించే వారిని అల్లాహ్ 'ముతఫ్ఫిఫీన్' సూరాలో తీవ్రంగా హెచ్చరించాడు. ఈ హెచ్చరిక అంగడి తూకానికే పరిమితమా? మాటల తూకానికీ వర్తిస్తుంది. పైగా ఆ అధ్యాయం తెలిసిన క్రైస్తవుడు మన వాదనను క్షణంలో పక్కన పెడతాడు. ఆ తర్వాత మనం చెప్పే సత్యాన్ని కూడా అదే కోవలో చేరుస్తాడు.

ఈసా (అలైహి) విషయంలో స్పష్టమైన ఆధారం ఖుర్ఆనే మనకిచ్చింది: అల్లాహ్ దృష్టిలో ఆయన ఉపమానం ఆదం (అలైహి) లాంటిదే (ఆలి ఇమ్రాన్ : 59). ఆదం మట్టి నుంచి సృష్టించబడ్డారని క్రైస్తవులూ నమ్ముతారు. ఈ ఆధారం ఉండగా మనకు బలహీనమైన వాదన అవసరమేముంది?

మెల్కీసెదెకు పేరు ఖుర్ఆన్‌లో లేదు. ప్రవక్తల్లో కొందరి వృత్తాంతాలు తెలిపామని, కొందరివి తెలుపలేదని అల్లాహ్ సెలవిచ్చాడు (మోమిన్ : 78). కనుక అతను ప్రవక్త అనీ అనం, కాదనీ అనం. గ్రంథప్రజల మాటలను ధ్రువీకరించవద్దని, తిరస్కరించవద్దని దైవప్రవక్త (సల్లం) బోధించిన హదీసు బుఖారీలో ఉంది.

సోదర సోదరీమణులారా! ముందు మన ధర్మజ్ఞానాన్ని పటిష్ఠం చేసుకుందాం. ఇతరుల గ్రంథంలో కఠినమైన మాట ఎదురైతే అధ్యాయమంతా చదువుదాం. దాన్ని వారెలా అర్థం చేసుకుంటారో వారినే మర్యాదగా అడుగుదాం. ఆ తర్వాతే మన మాట ఉత్తమ రీతిలో చెబుదాం. సత్యాన్ని న్యాయంగా చెప్పే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.