యూనిఫాం వేసుకున్న బౌలర్ శిఖా పాండే

ఆడపిల్ల ఆటల్లో ముందుకు పోతోందంటే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న, "ఆట అన్నం పెడుతుందా?" అని. ఆ ప్రశ్నను తప్పుపట్టలేం. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటి మనిషిని నేనే. నెల జీతం అనే మాటకు ఎంత బరువుంటుందో నాకూ తెలుసు.

ఈ ప్రశ్నకు శిఖా పాండే జీవితం మంచి జవాబు. ఆమె 1989 మే 12న అప్పటి కరీంనగర్ జిల్లా రామగుండంలో పుట్టారు. పెరిగింది గోవాలో. అక్కడే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి, 2011లో భారత వాయుసేనలో చేరారు. 2012 జూన్ 30న ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అయ్యారు. ఏ విమానం ముందు దిగాలి, ఏది ఆగాలి అని రేడియోలో పైలట్లకు చెప్పే పని అది. ఒక్క మాట తడబడినా ప్రమాదమే.

గమనించండి, ఉద్యోగం వచ్చాకే ఆమెకు భారత జట్టులో చోటు దొరికింది. 2014 మార్చిలో బంగ్లాదేశ్‌పై తొలి టీ20 ఆడారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో తొలి టెస్టు, తొలి వన్డే. అప్పటికి మన మహిళా క్రికెటర్లకు బోర్డు వార్షిక కాంట్రాక్టులే లేవు, అవి 2015లో మొదలయ్యాయి. అంటే దేశానికి ఆడినా ఇల్లు గడిచేందుకు వేరే జీతం కావాల్సిందే. రైల్వేలో పనిచేస్తూ ఆడినవాళ్లు చాలామంది. ఈమెకు ఆ ఆసరా వాయుసేన.

2017 జులై 23న లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ మనం 9 పరుగుల తేడాతో ఓడాం. ఆ జట్టులో ఆమె ఉన్నారు. 2020లో మెల్‌బోర్న్ ఫైనల్లోనూ ఆడారు, చూడ్డానికి 86,174 మంది వచ్చారు. ఆ తర్వాతే అసలు పరీక్ష. 2022 వన్డే ప్రపంచకప్‌కు ఎంపిక కాలేదు. చాలామంది ఆట అక్కడితో ఆగిపోయేది. ఆమె 2023 ఆరంభంలో మళ్లీ జట్టులోకి వచ్చి టీ20 ప్రపంచకప్ ఆడారు. అదే ఏడాది మొదలైన మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ జట్టు 60 లక్షలకు తీసుకుంది. జట్టు వద్దన్న రోజున కూడా భుజం మీది ర్యాంకు పోలేదు కదా!

బయటి దేశాల్లోనూ ఇలాంటివారున్నారు. అమెరికా సైన్యంలో కెప్టెన్ శామీ సల్లివాన్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రగ్బీ సెవెన్స్ కాంస్యం గెలిచిన జట్టు సభ్యురాలు. అక్కడి సైన్యం క్రీడాకారులకు సాధన చేయడమే డ్యూటీగా ఇస్తుంది.

మన పాతబస్తీ నుంచి చూస్తే నగరానికి ఆ చివరన దుండిగల్‌లో వాయుసేన అకాడమీ ఉంది. అధికారిగా చేరడానికి ఎఎఫ్‌క్యాట్ పరీక్ష ఏటా రెండుసార్లు పెడతారు. గ్రౌండ్ డ్యూటీకి వయసు 20 నుంచి 26, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. తర్వాత బోర్డు ఇంటర్వ్యూ, ఆపైన వైద్య పరీక్ష. ఇంటర్ చెల్లెళ్లకు 2022 బ్యాచ్ నుంచి ఎన్‌డీఏ తలుపు కూడా తెరుచుకుంది. సైన్యంలో చేరాలనుకునే అమ్మాయిల కోసం భువనగిరిలో సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాల మొదలైంది.